సంకష్టి ఏ రోజు చేయాలి? పంచాంగంలో చవితి మంగళవారం, గోడ కేలండర్‌లో సోమవారం

పుణె కోడలు:

అందరికీ నమస్తే. మాది కరీంనగర్. మావారిది మరాఠీ కుటుంబం, సొంతూరు కొల్హాపూర్ దగ్గర, మేం ఉండేది పుణెలో. పెళ్ళయి ఏడాదిన్నర. ఇన్నాళ్ళూ పండగలు, ఉపవాసాలు అన్నీ మా అత్తమ్మే చూసుకునేది. నేను పక్కన హారతి పళ్ళెం పట్టుకొని నిలబడేదాన్ని. పోయిన నెల ఆమె ఊరికి వెళ్తూ "ఈసారి సంకష్టి నువ్వే చెయ్యి" అని అప్పజెప్పి వెళ్ళింది. అదే, పున్నమి తర్వాతి చవితికి వినాయకుడికి ఉండే ఉపవాసం. అక్కడే బోల్తా పడ్డాను.

గోడకున్న కాలనిర్ణయ్‌లో సోమవారం గడిలో సంకష్ట చతుర్థి అని ఉంది. నా ఫోన్‌లో తెలుగు పంచాంగం తెరిస్తే సోమవారం తదియ, మంగళవారం చవితి. చవితి ఉన్న రోజే కదా చవితి ఉపవాసం? పైగా సంకష్టి మంగళవారం పడితే అంగారకి అంటారని, అది ఇంకా గొప్పదని ఇక్కడ అందరూ చెప్తారు. గోడ మీదిది అచ్చుతప్పని నేనే తీర్పు చెప్పేసి మంగళవారం పొద్దుటి నుంచి ఉత్త మంచినీళ్ళతో ఉన్నాను. రాత్రి పదింటికి చంద్రుణ్ణి చూసి, అర్ఘ్యం వదిలి, సంబరంగా అత్తమ్మకి వీడియో కాల్ చేస్తే ఆమె ముందు నవ్వింది. తర్వాత "అగ, కాలచ్ ఝాలీ కీ!" అంది. నిన్ననే అయిపోయిందట.

నా ప్రశ్న ఇదే. మనదీ వాళ్ళదీ ఒకే చైత్రం, ఒకే వైశాఖం అంటారు కదా. ఉగాది, గుడీ పాడ్వా ఒకే రోజు వస్తాయి కదా. మరి చవితి మధ్యలో ఎందుకు జారిపోయింది?

ఇంకో రెండు సందేహాలు కూడా ఇక్కడే అడిగేస్తా. ఒక్కోసారి ఏకాదశి వరసగా రెండు రోజులు రాసి ఉంటుంది, ఒకటి స్మార్త, ఒకటి భాగవత. మామయ్య మెడలో తులసి మాల ఉంది. ఆయనకి ఏ రోజు వండాలి, ఏ రోజు వండకూడదు? రెండోది తిండి. పోయిన తొలి ఏకాదశికి మా అమ్మ నేర్పినట్టు పేలాల పిండి చేసి, రాత్రికి ఉప్మా చేశాను. అత్తమ్మ గిన్నె మూత తీసి చూసి, "మీ దగ్గర జొన్నలు, గోధుమలు ధాన్యం కాదా?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. నా దగ్గర జవాబు లేదు.

హింజవడి బ్యాచిలర్:

జవాబు కాదు గానీ, మా ఆఫీసులో శ్రావణం రెండుసార్లు వస్తుంది. లక్నో నుంచి వచ్చిన టీమ్‌మేట్ గురు పౌర్ణమి మర్నాడే సావన్ మొదలెట్టి సోమవారాలు ఉంటాడు. మా మరాఠీ మేనేజర్‌కి, నాకు అప్పటికింకా ఆషాఢమే. పదిహేను రోజులు తిరిగాక, దీప అమావాస్య మర్నాడు మేనేజర్ శ్రావణం మొదలవుతుంది. ఆ అమావాస్యనే ఇక్కడ గటారీ అని కూడా అంటారు. శ్రావణమంతా మాంసం, మందు మానేవాళ్ళు ముందే కరువు తీర్చుకునే రోజు. ఆ రోజు మటన్ షాపు ముందు క్యూ చూస్తే ఎవరి కేలండర్ ఏదో తెలిసిపోతుంది.

సోలాపూర్ పెద్దక్క:

బిడ్డా, నీ ప్రశ్న చూసి నవ్వుకున్న. నలభై ఏళ్ళ కింద నేను కూడా ఇదే తప్పు చేసిన, అప్పుడు ఫోన్ లేదు, అంతే తేడా. మా తాతలు సిరిసిల్ల దిక్కు నుంచి మగ్గం పని కోసం సోలాపూర్ వచ్చిన పద్మశాలీలు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. నేను చేసుకున్నది మాత్రం మరాఠీ ఇంట్లో. అందుకని నీ రెండు దిక్కులూ నాకు తెలుసు.

ముందు నీ చవితి సంగతి. నువ్వు తిథి చూసినవ్, వ్రతం చూడలేదు. పంచాంగంలో మంగళవారం పక్కన చవితి అని ఎందుకు రాస్తరు? మంగళవారం సూర్యుడు పొడిచే వేళకు చవితి ఉన్నది కాబట్టి. రోజుకు పేరు పెట్టేది పొద్దుటి తిథి. కానీ తిథి సూర్యోదయానికి మొదలై మర్నాడు సూర్యోదయానికి అయిపోయేది కాదు కదా. చంద్రుడు సూర్యుడికి పన్నెండు డిగ్రీలు దూరం జరిగితే ఒక తిథి. చంద్రుడి నడక ఒక్కోసారి జోరు, ఒక్కోసారి నిదానం. అందుకని తిథి ఒకప్పుడు 19 గంటలకే అయిపోతది, ఒకప్పుడు 26 గంటల దాకా సాగుతది. నడిమధ్యాహ్నం మొదలు కావచ్చు, అర్ధరాత్రి అయిపోవచ్చు.

నీ ఫోన్‌ల మళ్ళీ చూడు. తదియ సోమవారం సాయంత్రం ఏ అయిదు గంటలకో అయిపోయి చవితి వచ్చి ఉంటది. మంగళవారం మధ్యాహ్నం మూడు, మూడున్నరకు చవితి వెళ్ళిపోయి పంచమి వచ్చి ఉంటది. సంకష్టికి కావలసింది పొద్దుగాల చవితి కాదు, చంద్రోదయానికి చవితి. సోమవారం రాత్రి చంద్రుడు పొడిచినప్పుడు ఆకాశంల చవితి. మంగళవారం రాత్రి నువ్వు అర్ఘ్యం ఇచ్చింది పంచమి చంద్రుడికి. ఆయన కూడా ఏమీ అనుకోడులే.

మన తెలుగు పంచాంగం తప్పని అనకు. ఆ పంచాంగంల కూడా సోమవారం పక్కనే కింద చిన్నక్షరాల్ల సంకటహర చతుర్థి అని ఉంటది, చూడు. మనదీ వాళ్ళదీ శాలివాహన శకమే, రెండూ అమావాస్యతో నెల ముగించేవే. లక్నో అబ్బాయికి పున్నమితో నెల అయిపోతది, అందుకని పైన తమ్ముడు చెప్పిన తేడా. మనకూ మరాఠీ వాళ్ళకూ ఆ తేడా లేదు.

ఒక్క మాట పట్టుకుంటే అన్నీ తేలిపోతయి: ఈ వ్రతానికి ఏ వేళ ముఖ్యం? వినాయక చవితికి, రామనవమికి మధ్యాహ్నం. గోకులాష్టమికి, శివరాత్రికి అర్ధరాత్రి. లక్ష్మీపూజకు పొద్దుగూకినంక. నరక చతుర్దశికి తెల్లవారకముందు, ఆ తలస్నానం సూర్యుడు వచ్చినంక చేస్తే మా అత్త లెక్కల స్నానమే కాదు. ఆ వేళకు ఏ తిథి ఉంటే ఆ రోజు.

చంద్రోదయం అన్ని ఊళ్ళల్ల ఒకటే టైముకు కాదు. గోడ కేలండర్‌ల ఊరి పేరు, పక్కన టైము ఉంటది, నీ ఊరిది చూసుకో. నాగపూర్ తూర్పున ఉన్నది, పుణె కంటే సుమారు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ముందే అక్కడ చంద్రుడు వస్తడు. మా ఆడబిడ్డ నాగపూర్‌ల ఉంటది. ప్రతి సంకష్టికి నాకు ఫోన్ చేసి "మేం తినేసినం" అని చెప్తది, నేను ఆకలితో వింట.

ఇగ ఏకాదశి. దశమి తెల్లవారుజాము దాకా, అంటే సూర్యోదయానికి ఇంచుమించు గంటన్నర ముందు దాకా సాగితే, ఆ ఏకాదశికి దశమి వేధ తగిలిందని వైష్ణవులు వదిలేసి మర్నాడు ఉంటరు. ఆ మర్నాటిదే భాగవత ఏకాదశి. మిగతావాళ్ళది స్మార్త. తులసి మాల అంటే మీ మామయ్య వారకరీ, అంటే పంఢర్‌పూర్ విఠోబా భక్తుడు, అయి ఉంటడు. ఆయనకు రెండోదే. ఒక్కరోజే రాసి ఉంటే అందరికీ ఒకటే. అయినా ఆయన్నే అడుగు, మీ ఇంటి లెక్క ఆయనకు తెలిసి ఉంటది. మాకు పంఢర్‌పూర్ డెబ్బై కిలోమీటర్ల దూరమే. ఆషాఢీకి ఆళందీ నుంచి జ్ఞానేశ్వరుడి పాల్కీ, దేహూ నుంచి తుకారాముడి పాల్కీ వచ్చే రోజుల్ల మా దిక్కు ఎవర్ని అడిగినా ఏకాదశి ఎప్పుడో చెప్తరు, కేలండర్ తెరవరు.

తిండి దగ్గర మీ అత్తమ్మ అడిగింది నిజమే. మన దిక్కు ఉపవాసం అంటే ఎక్కువ ఇండ్లల్ల అన్నం తినకపోవుడు. ఉప్మా, చపాతీ, ఇడ్లీ అన్నీ ఫలహారమే. ఒక్కపొద్దు అంటే ఒకపూట అన్నం. వాళ్ళకట్ల కాదు. బియ్యం, గోధుమ, జొన్న, పప్పులు ఏవీ ముట్టరు. సగ్గుబియ్యం, పల్లీలు, ఆలుగడ్డ, చిలగడదుంప, రాజగిరా (తోటకూర గింజలు), పాలు, పండ్లు నడుస్తయి. భగర్ అని బొంబాయి రవ్వంత చిరుధాన్యం కూడా నడుస్తది, దానికి పల్లీల ఆమ్టీ, అంటే పులుసు. అది ధాన్యం కాదా అని నేనూ అడిగిన. "నడుస్తది" అన్నది మా అత్త. నలభై ఏళ్ళయింది, నాకు దొరికిన జవాబు అదే.

సగ్గుబియ్యం కిచిడీల పసుపు, ఆవాలు, ఇంగువ వెయ్యకు. జీలకర్ర, పచ్చిమిర్చి, పల్లీ పొడి, నెయ్యి. కొత్తిమీర కొందరి ఇండ్లల్ల నడుస్తది, కొందరి ఇండ్లల్ల నడవది, అడిగి వెయ్యి. సగ్గుబియ్యం మన పాయసానికి నానబెట్టినట్టు నీళ్ళల్ల ముంచకు. కడిగి, గింజల పైకి నీళ్ళు వచ్చీరానట్టు పోసి రాత్రంతా పెట్టు. పొద్దున వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా నలగాలె. ఎక్కువ నీళ్ళయితే ముద్ద, మీ ఆయన చెంచాతో కాదు కత్తితో తినాలె.

ఈ ఉపవాసం కడుపు మాడ్చుకునేది అని మాత్రం అనుకోకు. "ఏకాదశీ, దుప్పట్ ఖాశీ" అని వాళ్ళ సామెతే ఉన్నది, ఏకాదశి నాడు రెట్టింపు తింటవ్ అని. మా ఇంట్ల వారం ముందు నుంచే పల్లీలు వేయించుడు మొదలైతది.

ఎప్పుడు విడవాలో కూడా తెలుసుకో. సంకష్టి అదే రాత్రి చంద్రుణ్ణి చూసినంక పూర్తి భోజనంతోటి. శ్రావణ సోమవారం సాయంత్రం పూజ అయినంక. మార్గశిర గురువారం కూడా అంతే, మహాలక్ష్మి ఘటానికి పూజ చేసి. ఏకాదశి, శివరాత్రి, హర్తాళికా మాత్రం మర్నాడు పొద్దున. తొలి ఏడాది నేను ఏకాదశి రాత్రే పప్పన్నం పెట్టుకున్న. ఇంట్ల ఎవరూ మాట్లాడలేదు, ఆ మౌనం నాకు ఇప్పటికీ యాదున్నది.

అన్నీ మనదే అనుకో:

ఇంత లెక్క అవసరమా? భక్తి ఉంటే ఏ రోజైతేనేం. ఇదంతా చాదస్తం.

సోలాపూర్ పెద్దక్క:

అవసరం లేదు తమ్ముడూ, నిజమే. కానీ ఆ బిడ్డ అడిగింది లెక్క. అడిగినదానికి చెప్పిన.

న్యూజెర్సీ నుంచి:

పెద్దక్కగారి "ఏ వేళ" మాట అమెరికాలో ఉన్నవాళ్ళు ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోవాలి. నాది గుంటూరు, మా పక్కింటివాళ్ళది సాంగ్లీ. ఒకసారి చవితి ఇండియాలో మంగళవారం తెల్లవారుజామున 2 గంటలకు మొదలై బుధవారం తెల్లవారుజామున 1 గంటకు అయిపోయింది. అక్కడ మంగళవారం రాత్రి చంద్రోదయానికి చవితి ఉంది కాబట్టి అంగారకి. అదే మాకు ఎండాకాలం టైములో సోమవారం సాయంత్రం 4:30కి మొదలై మంగళవారం మధ్యాహ్నం 3:30కి అయిపోయింది. ఇక్కడ చంద్రుడు చవితితో కనిపించింది సోమవారం రాత్రే. అంటే ఇండియాకి అంగారకి, మాకు మామూలు సంకష్టి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అంగారకి శుభాకాంక్షలు చూసి సాంగ్లీ ఆవిడ మంగళవారం కూడా ఉపవాసం ఉంది. రెండు రోజులు. మూడో రోజు ఆఫీసులో డోనట్లు తను ఒక్కతే అరడజను తింది, నేను చూశాను.

ధర్మాబాద్ మాస్టారు:

నాందేడ్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దు మీద ముప్పై ఏళ్ళు బడిలో పని చేశాను. పెద్దక్క చెప్పింది సరిగ్గా ఉంది. ఒక్కటి చేరుస్తాను, ఎందుకంటే ఈ అమ్మాయికి పెళ్ళయి ఏడాదిన్నరే. అధికమాసం వచ్చినప్పుడు ఆమె పుట్టింటివాళ్ళు కంగారు పడతారు.

పన్నెండు చాంద్ర మాసాలు కలిపితే 354 రోజులు. సౌర సంవత్సరానికి పదకొండు రోజులు తక్కువ. ఆ తరుగు సుమారు ముప్పై రెండున్నర నెలలకు ఒక నెల అవుతుంది. సూర్యుడు రాశి మారకుండా గడిచిపోయిన చాంద్ర మాసమే అధికం. 2023లో అధిక శ్రావణం వచ్చింది. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. పండగలు నిజ మాసంలోనే చేస్తారు కాబట్టి ఆ ఏడు వటపౌర్ణమి జూన్ నెలాఖరుకి వెళ్తుంది. మనకి ఏరువాక పున్నమి కూడా అదే రోజు.

మనవైపు అధికమాసం అంటే శుభకార్యాలు ఉండవు, ఎవరూ ఏమీ తలపెట్టరు. మరాఠీవాళ్ళకి కూడా పెళ్ళిళ్ళు ఉండవు గానీ, దీన్ని ధోండ్యాచా మహినా అంటారు. అల్లుణ్ణి పిలిచి భోజనం పెట్టి 33 అనారసేలు, ఒక వెండి వస్తువో దీపమో ఇస్తారు. నా సహోద్యోగి ఒకాయన అల్లుడు నిజామాబాద్‌వాడు. "మామా, అధికమాసంలో కానుకలా, అశుభం కదా" అని ఆ అబ్బాయి రాకుండా తప్పించుకున్నాడు. మామగారేమో అల్లుడు అలిగాడనుకున్నాడు. రెండు ఇళ్ళ మధ్య నెల రోజులు మాటలు లేవు. మీవైపు తలకిందులు, అల్లుడు మరాఠీ, అత్తగారు కరీంనగర్. మీ అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.

పుణె కోడలు:

మాస్టారూ, మీరు ఆలస్యంగా చెప్పారు! అత్తమ్మ అనారసే అన్న మాట నేను ఫోన్‌లో అమ్మకి చెప్తే, అమ్మ బియ్యప్పిండి, బెల్లం అని విని "ఓ, అరిసెలా" అనుకుంది. లెక్కపెట్టి 33 అరిసెలు నూనె కారుతూ స్టీలు డబ్బాలో బస్సులో పంపింది. అనారసేకి ఒకవైపు గసగసాలు, జల్లెడలా చిల్లులు. మా అరిసెకి రెండువైపులా నువ్వులు, చిల్లు అన్నదే లేదు. అత్తమ్మ ఒకటి కొరికి చూసి ఏమీ అనలేదు. సాయంత్రానికి డబ్బాలో పందొమ్మిది మిగిలాయి.

పెద్దక్కా, మీరు చెప్పాక పోయిన నెల ఫోన్ మళ్ళీ చూశాను. సోమవారం సాయంత్రం 5:12కి తదియ అయిపోయింది. కింద చిన్నక్షరాల్లో సంకటహర చతుర్థి కూడా ఉంది. నేనే చూడలేదు.

ఆదిలాబాద్ అబ్బాయి:

ఈ థ్రెడ్ చూసి మా అమ్మకి చదివి వినిపించిన. మా ఊళ్ళ శ్రావణ అమావాస్యకి ఎడ్లకు కొమ్ములకు రంగులేసి పొలాల పండుగ చేస్తం. మహారాష్ట్రల అదే రోజు పోళా. చంపా షష్ఠి నాడు వాళ్ళు జేజురీల ఖండోబాకి పసుపు చల్లుతరు, అదే రోజు ఆంధ్రోళ్ళకు సుబ్రహ్మణ్య షష్ఠి. చాతుర్మాస్యంల వంకాయ మానేసినోళ్ళు ఆ రోజు వంకాయ పచ్చడి, రొట్టె నైవేద్యం పెట్టి మళ్ళీ మొదలుపెడతరు. అమ్మకి ఈ చివరిది మస్తు నచ్చింది. నాలుగు నెలలు వంకాయ లేకుండా మా నాన్న బతకడని నవ్వుతున్నది.

పుణె కోడలు:

అప్‌డేట్. నిన్న సంకష్టి. ఈసారి గోడ కేలండర్‌లో పుణె పక్కన టైము చూసి, ఫోన్‌లో తిథి చూసి, రెండూ కలిశాకే మొదలెట్టాను. సాయంత్రం నుంచి ఒకటే ముసురు. చంద్రోదయం టైము దాటి అరగంటైనా ఆకాశంలో తెల్లటి మచ్చ కూడా లేదు. మావారు బాల్కనీలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీలోకి తిరుగుతున్నారు. అత్తమ్మకి ఫోన్ చేస్తే కొల్హాపూర్‌లో వాన లేదు. మేడెక్కి ఫోన్ పైకి తిప్పి "చూడు, ఇదిగో" అంది. తెరమీద ఎర్రగా, వణుకుతూ చంద్రుడు. అర్ఘ్యం ఎటు వదలాలో తెలియక మావారు ఫోన్ మీద నీళ్ళు పోయబోతే చెయ్యి పట్టుకొని ఆపాను. మబ్బుంటే టైము చూసుకొని తూర్పుకి తిరిగి వదిలితే చాలని అత్తమ్మే చెప్పింది. తర్వాత వరణ్ భాత్ (పప్పన్నం), మోదకాలు.

సోలాపూర్ పెద్దక్క:

పొద్దున కిచిడీ ఎట్లొచ్చింది?

పుణె కోడలు:

చెంచాతోనే తిన్నారు అక్కా. కాస్త కష్టపడి.